మెయిన్ స్విచ్ మీద కుంకుమ

14-10-1961, శనివారం

ఆయుధపూజకు ఇంకా నాలుగు రోజులుంది, మా షావుకారు మునినారాయణప్పకు అప్పుడే పూనకం మొదలైంది. ఈ ఏడు షెడ్డంతా సీరియల్ లైట్లు వేయించాలంట. అవెన్యూ రోడ్డులో ఎవరి షాపులోనో చూసి వచ్చాడు. ఎర్రవి, పచ్చవి, వెలిగి ఆరేవి. పట్టు నేసే చోట పెళ్ళిమంటపం ఎందుకన్నాను. యాల అంటావేమప్పా వెంకటరాయప్పా, ఏడాదికి ఒగ దినం మగ్గాలకు రవంత సింగారం చేస్తే నీ సొమ్మేం పోతాది అన్నాడు.

నా సొమ్మేం పోదు. పన్నెండు పవర్ మగ్గాలు, ఇరవై రెండు మంది మనుషులు, వాళ్ళ జగడాలు, వాళ్ళ సెలవులు. అన్నీ మేస్త్రీ నెత్తినే ఉన్నాయి. ఇక లైట్లు కూడా.

కబ్బన్‌పేటలో వెంకటరాయప్పకు నోరెక్కువ అంటారు. పని కూడా ఎక్కువే. అది ఒక్కడూ అనడు.

17-10-1961, మంగళవారం, సాయంత్రం 6

షెడ్డు కడిగించాను. పన్నెండు మగ్గాలకు నూనె గుడ్డ పెట్టి తుడిపించాను. దారం కండెలు చుట్టే ఆడవాళ్ళు ముగ్గులకు కూర్చున్నారు. కదిరమ్మ ఒక్కతే నాలుగు మగ్గాల ముందు ముగ్గులు వేసింది. ఆ పిల్లకు పని చెప్పనక్కర్లేదు, కనిపిస్తే చాలు. గౌరీబిదనూరు పక్క పల్లె నుంచి అక్క పాపక్క వెంట వచ్చి మూడేళ్ళయింది. పాపక్క నసిగేది, ఈమె నవ్వేది.

లైట్లు కట్టడానికి వైర్‌మ్యాన్ మారప్ప వచ్చాడు. నాలుగో నంబరు మగ్గం దగ్గర ఆగిపోయాడు. స్టార్టర్‌కు పోయే వైరు పైతోలు ఊడిపోయి ఉండాది, ఎర్త్ తీగ కూడా తెగి ఉండాది అన్నా అన్నాడు. ఆ వరస మగ్గాలన్నిటికీ ఒకటే లైను, నాలుగోదాన్ని విడిగా తీయడానికి లేదు. కొత్త వైరు కావాలి. అంగళ్ళు పండగ పోయాకే తీస్తారు. పూజ అయ్యేంతసేపు నేనే దాని ముందర నిలబడి ఎవుర్నీ తాకనీను, అయిపోతానే నువ్వు మెయిన్ దించేయన్నా, లేకుంటే మగ్గం ఇనుమంతా కరెంటు పారతాది అన్నాడు. రెండు సార్లు చెప్పాడు.

నాకు చెప్పాలా? మెయిన్ పక్కన ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ తగిలించి పోయిన బోర్డు ఉంది. పని ముగిసిన వెంటనే మెయిన్ స్విచ్ ఆఫ్ చేసే బాధ్యత మేస్త్రీది. కింద ఇంగ్లీషులో నా సంతకం. ఆరేళ్ళలో ఒక్క సాయంత్రం తప్పలేదు.

18-10-1961, బుధవారం, సాయంత్రం 7

ఒప్పుకోక తప్పదు, లైట్లు బాగున్నాయి. షావుకారు కళ్ళు లైట్ల కంటే ఎక్కువ వెలిగాయి. మగ్గాలకు అరటి పిలకలు, చామంతి మాలలు. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కొట్టారు. మారప్ప చెప్పినట్టే నాలుగో మగ్గం ముందు బంట్రోతులాగా నిలబడ్డాడు, హారతి కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. పోయేటప్పుడు మళ్ళీ గుర్తుచేశాడు. సరే పోవయ్యా అన్నాను. మగ్గాల ముందు అఖండ దీపం రేపు పొద్దుటి దాకా ఆరకూడదు. తెల్లవారి వచ్చి నూనె పోసే వంతు కదిరమ్మది.

అందరూ పోయాక మెయిన్ దగ్గరికి వెళ్ళాను. ప్రతి ఏడూ ముందు మెయిన్ దించేసి, తర్వాత పూజ చేసేవాళ్ళం. ఈసారి లైట్ల కోసం అది పైకే ఉంది. అట్లాగే పూజ అయిపోయింది. పెట్టెకు గంధం, హ్యాండిల్‌కు మాల, మాల కింద కుంకుమ. ఇంకా తడి ఆరలేదు. చెయ్యి చాపాను. పూజ చేసిన ఆయుధాన్ని మర్నాడు హారతిచ్చి కదిలించేదాకా ముట్టరాదు. మా తాత ఆ రోజు మగ్గం గుంటలోకి దిగేవాడు కాదు. మా నాయన కత్తెర కూడా ముట్టేవాడు కాదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. లైట్ల ప్లగ్గు మాత్రం పీకాను, దానికి ఎవరూ కుంకుమ పెట్టలేదు కాబట్టి.

ఒక్క రాత్రే కదా. షెడ్డుకు తాళం వేసి తాళంచెవి షావుకారు ఇంట్లో ఇచ్చాను. లోపల ఎవరుంటారు?

మా ఆవిడ రత్నమ్మ ఒబ్బట్లు బాగా చేసింది. నాలుగు తిన్నాను.

19-10-1961, గురువారం

కదిరమ్మ చనిపోయింది. మెయిన్ దించాను.

20-10-1961, శుక్రవారం

నిన్న రాయలేకపోయాను. ఇవాళ అంతా రాస్తాను.

పొద్దున ఆరున్నరకు వెళ్ళాను. షెడ్డు తలుపు తీసి ఉంది. దీపం నిండా నూనె ఉంది, బాగా వెలుగుతోంది. కదిరమ్మ నాలుగో మగ్గానికి ఆనుకుని కూర్చున్నట్టు ఉంది. మాల జారితే సర్దబోయిందేమో, చేతిలో చామంతులున్నాయి. పూజకు కడిగించిన నేల ఇంకా చెమ్మగానే ఉంది. ఆమె కాళ్ళకు చెప్పులు లేవు. పూజ చేసిన చోటికి చెప్పులతో ఎవరొస్తారు?

పిలిచాను. దగ్గరికి పోబోయి ఆగాను, అప్పుడు గుర్తొచ్చింది. పరుగెత్తి హ్యాండిల్ పట్టుకుని కిందికి లాగాను. హారతి లేదు, మంత్రం లేదు. ఒక్క సెకను కూడా పట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. తర్వాత నా కేక విని వచ్చినవాళ్ళతో కలిసి ఆమెను ఎత్తి బయట పడుకోబెట్టాం. ఆసుపత్రికి తీసుకుపోయాం. వాళ్ళు చేయి పట్టి చూసి వదిలేశారు.

లోపల ఎవరుంటారు అని రాశాను బుధవారం. అదే పేజీలో పైన కదిరమ్మ పేరు రాసిన చేత్తోనే రాశాను. ఆ పేజీ ఇప్పుడే మళ్ళీ చదివాను.

పోలీసు ఇన్‌స్పెక్టర్ వచ్చి పంచనామా రాశాడు. మీ షెడ్డులో కరెంటు పని ఎవరిది అని అడిగాడు. మారప్పది అన్నాను. నిజమే కదా, వైరింగు మారప్పదే. ఆ తర్వాత ఆయన ఇంకేం అడగలేదు, నేనేం చెప్పలేదు. అబద్ధం ఒక్కటీ ఆడలేదు. నిజం కూడా చెప్పలేదు. ఇంగ్లీషులో రాసుకున్నదాని కింద సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. ఇంగ్లీషులో సంతకాలు పెట్టడం నాకు బాగా అలవాటు.

21-10-1961

మారప్పను పట్టుకుపోయారు.

22-10-1961, ఆదివారం

స్టేషన్‌కు ఇడ్లీలు తీసుకుపోయాను. మారప్ప తినలేదు. కటకటాల్లో నుంచి నా చేయి పట్టుకున్నాడు. అన్నా, నీకు చెప్పింటి కదా, రెండు తూర్లు చెప్పింటి కదా, సారుకు నువ్వు ఒగ మాట చెప్పన్నా అన్నాడు. నేను ఏం చెప్పినా వాళ్ళు నమ్మేది లేదు, తప్పించుకునేకి అంటా ఉండానంటారు అన్నాడు.

అవునన్నట్టు తల ఊపాను. పక్కనే కానిస్టేబుల్ ఉన్నాడు. నోటితో అనలేదు.

ఇది మూడోసారి. మొదటిసారి చెయ్యి వెనక్కి తీశాను. తర్వాత రెండుసార్లూ నాలుక.

24-10-1961, మంగళవారం

షెడ్డు తెరిచారు. నాలుగో మగ్గం మీద గోనెసంచి కప్పారు. పాపక్క పనిలోకి వచ్చింది. ఎందుకొచ్చావమ్మా అంటే, ఇంట్లో కూసుంటే ఏం వస్తాది అంది. పొద్దంతా ఏడవకుండా కండెలు చుట్టింది. దారం ఒక్కసారి తెగలేదు.

మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి నిలబడింది. షావుకారు తానేం చేయలేదంటాడు, మారప్ప తానేం చేయలేదంటాడు, అందురూ ఏం చేయలేదు ఏం చేయలేదు అంటా ఉండారు, ఎవురూ ఏం చేయకుంటే నా చెల్లెలు ఎట్ల చచ్చిపాయప్పా అని అడిగింది.

నన్ను అనుమానించి అడగలేదు. మేస్త్రీకి తెలుసుంటుంది కదా అని అడిగింది. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాను. అంటే, నిజంగానే చేత్తో భుజం మీది తువ్వాలు సర్దుకున్నాను.

25-10-1961

మెయిన్ పక్కన బోర్డు లేదు. మేకు ఉంది.

26-10-1961, గురువారం

బోర్డు ఎక్కడ అని షావుకారును అడిగాను. నన్ను లోపలికి పిలిచి కాఫీ తెప్పించాడు. ఆయన చెడ్డవాడు కాదు. కదిరమ్మ దహనం దగ్గర చిన్నపిల్లవాడిలాగా ఏడ్చాడు, నేను చూశాను. కానీ భయపడిన మంచివాడు ఏ పనైనా చేస్తాడు.

ఆ పలక ఉంటే నీకూ తంటా నాకూ తంటా, పొయ్యిలో వేసేసినా అన్నాడు. నువ్వు లోపలికి పోతే ఇరవై రెండు కుటుంబాలు వీధిలో పడతాయి, మారప్పకు మంచి లాయర్ని పెడతా, వాడి పెండ్లాం పిల్లల్ని నేను చూసుకుంటా, నువ్వేం చేసినావప్పా, ఏం చేయలేదు కదా, సుమ్నె ఉండు అన్నాడు.

సుమ్నె. కన్నడ వాళ్ళ దగ్గర మన వాళ్ళు తెచ్చుకున్న మాటల్లో ఇంతగా అరిగిపోయింది ఇంకోటి లేదు. ఊరికే ఉండు, కదలకు, నోరు మూసుకో, అన్నిటికీ అదొక్కటే. ఆ బుధవారం సాయంత్రం నేను చేసింది సరిగ్గా అదే, సుమ్నె ఉన్నాను.

కాఫీ తాగకుండా లేచి వచ్చాను. మునుపు ఎప్పుడూ అట్లా చేయలేదు.

28-10-1961, శనివారం

మా వీధి తిమ్మరాయప్ప లాయరు. వరసకు బావ. కోర్టులో గెలిచిన కేసుల కంటే ఇంటి అరుగు మీద గెలిచినవి ఎక్కువ. అయినా చదువుకున్నవాడు. అంతా చెప్పాను.

నవ్వాడు. చేసినోన్ని పట్టుకుంటారు గానీ చేయనోన్ని యాడ పట్టుకుంటారు బావా అన్నాడు. దోవన పోయేవాడు బావిలో పడినోన్ని చూసి ఎత్తకుండా పోతే వాడు పాపిష్టోడు, నిజమే, అయితే వాడి మీద ఏ సెక్షనూ లేదు అన్నాడు.

బావి దగ్గర కాపలాకని పెట్టినవాడు ఎత్తకపోతే అని అడిగాను.

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పలక కాలిపోయిందంటివి కదా, మళ్ళీ యాల తవ్వుతావు, తిలా పాపం తలా పిడికెడు, షావుకారుకు కొంచెం, మారప్పకు కొంచెం, దేవుడికి కొంచెం అన్నాడు. నా పిడికెడు నాకిచ్చేయ్, మిగిలింది మీరు పంచుకోండి అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. పోలీసుల ముందర ఒప్పుకున్నా చట్టంలో చెల్లదు, మేజిస్ట్రేట్ ముందర చెప్తేనే చెల్లేది, ఆ తిక్క పని చేయొద్దని చెప్పేకే ఇది చెప్తా ఉండా అన్నాడు.

ఎందుకు చెప్పినా చెప్పాడు. దారి తెలిసింది.

31-10-1961, మంగళవారం

కబ్బన్ పార్కులో ఎర్ర లైబ్రరీకి పోయాను. ఈ ఊళ్ళో పుట్టి నలభై తొమ్మిదేళ్ళు, ఒక్కసారి లోపలికి పోలేదు. చెప్పులు బయట వదిలాను. లోపలున్నాయన నవ్వి, వేసుకుని రావచ్చు అన్నాడు.

పీనల్ కోడ్ ఇచ్చాడు. ఫోర్త్ ఫారం ఇంగ్లీషు నాది. వేలు పెట్టి ఒక్కో మాటే చదివాను. మూడు గంటలు పట్టింది. సెక్షన్ 32. చేసిన పనుల గురించి చెప్పిన మాటలు ఇల్లీగల్ ఒమిషన్స్‌కు కూడా వర్తిస్తాయంట. ఒమిషన్ అంటే ఏమిటని ఆయన్ని అడిగాను. చేయాల్సింది చేయకుండా వదిలేయడం అన్నాడు. 304-ఏ, నిర్లక్ష్యంతో ప్రాణం పోవడానికి కారణమైతే రెండేళ్ళ వరకు.

భయం వేసిందా అంటే వేసింది. కానీ దానికంటే ముందు ఇంకొకటి కలిగింది, దాన్ని రాయడానికి సిగ్గుగా ఉంది. హాయి. పది రోజులుగా అందరూ నువ్వేం చేయలేదు, నువ్వేం చేయలేదు అంటుంటే నాకే పిచ్చి పట్టిందేమో అనుకున్నాను. నూరేళ్ళ కిందటే ఎవడో దొర కూర్చుని నా గురించి రాసి పెట్టాడు.

కాగితం మీద ఎక్కించుకున్నాను. బయట నా చెప్పులు ఎవరూ ఎత్తుకుపోలేదు.

1-11-1961, బుధవారం

చెల్లదని తెలిసినా ముందు స్టేషన్‌కే వెళ్ళాను. తప్పుడు స్టేట్‌మెంట్ అక్కడే ఇచ్చాను కదా. ఇన్‌స్పెక్టర్ విన్నాడు. ఛార్జిషీట్ రాసేసినాక ఈ పురాణం ఏమిటి, మారప్ప వాళ్ళు ఎంతిచ్చారు అని అడిగాడు. నాకు కోపం వస్తే నోరు ఆగదు. ఇవాళ ఆపుకున్నాను. మేజిస్ట్రేట్ దగ్గర చెప్పుకుంటాను అని వచ్చేశాను.

ఇంటికొచ్చి రత్నమ్మకు చెప్పాను. ఇన్నాళ్ళూ ఆమెకు చెప్పలేదు. ఆమె చదువుకోలేదు, అయినా ఏ పేజీలో ఉందో చూపించమంది. చూపించాను. ఈ రెండు కాగితాలు చించేస్తే ఏమీ లేదు కదయ్యా అంది. లేదు అన్నాను. నువ్వు లోపలికి పోతే నేనేం కావాలి అంది. పిల్లలు లేరు మాకు, ఒకరికొకరమే.

నేను పోకపోతే మారప్ప పోతాడు, వాడికి ముగ్గురు పిల్లలు అన్నాను. వాడు నాకు ఎవుడు అంది. అని, వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అన్నం మాడిన వాసన వస్తే ఆమె లేచింది.

2-11-1961, గురువారం

కోర్టు. రెండు గంటలకు పిలిచారు. మేజిస్ట్రేట్ నా వయసు వాడే, కన్నడంలో మాట్లాడారు. పోలీసులను బయటికి పంపించారు. ఎవరైనా బెదిరించారా, డబ్బిచ్చారా, ఆశ చూపించారా అని అడిగారు. లేదన్నాను. నువ్వు చెప్పి తీరాలని లేదు, చెబితే అది నీ మీదనే వాడతారు, తెలుసా అన్నారు. తెలుసు, వాడాలనే వచ్చాను అన్నాను. పెన్ను కింద పెట్టి నన్ను చూశారు.

ఇంటికి పోయి ఒక రోజు ఆలోచించుకో, రేపు ఇదే టైముకు రా, రాకపోయినా నిన్ను ఎవరూ ఏమీ అనరు అన్నారు. అది చట్టం పద్ధతంట.

రాకపోయినా ఎవరూ ఏమీ అనరు. మళ్ళీ అదే. ఏమీ చేయకపోతే చాలు, అన్నీ సర్దుకుంటాయి. ఈ లోకమంతా ఏమీ చేయనివాడికి చాపలు పరుస్తూ ఉంది.

ఒక రోజు ఎందుకు? నాకు ఒక సెకను ఇస్తే చాలు.

3-11-1961, శుక్రవారం, పొద్దున 9

రత్నమ్మ ఉతికిన పంచె తీసి పెట్టింది. డైరీ కనబడలేదు. అడిగితే లోపలికి పోయి తెచ్చిచ్చింది. పట్టు ముక్కలో చుట్టి దారంతో కట్టింది. వాన వచ్చేట్టు ఉండాది, తడిస్తే అక్షరాలు పోతాయి అంది. పేజీలు లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి.

లెక్కపెట్టినందుకు ఇప్పుడు సిగ్గేస్తోంది. దీన్ని ఇవాళ కోర్టులో ఇచ్చేస్తాను. ఇందులో ఇదే చివర.

12-1-1962, శుక్రవారం

ఇది కొత్త డైరీ. పాతది కోర్టులో ఉంది, దానికో నంబరు కూడా ఇచ్చారు. తెలుగు తెలిసిన గుమాస్తా ఒకాయన ఇంగ్లీషులోకి రాశాడంట. నా కొక్కిరి బిక్కిరి రాత చదవలేక తిట్టుకుని ఉంటాడు.

రాయాల్సింది ఒకటి మిగిలింది. డైరీ ఇచ్చిన రోజు మేజిస్ట్రేట్ అంతా రాసుకుని, చివరికి, గుర్తుండి కూడా ఎందుకు దించలేదు అని అడిగారు. కుంకుమ పెట్టి ఉండింది అన్నాను. పక్కన రాసేవాడి చేయి ఆగింది. ఎవరూ నవ్వలేదు. ఆయన టేబుల్ పక్కన టైప్‌రైటర్ ఉంది. దాని నెత్తిన ఆయుధపూజ నాటి కుంకుమ బొట్టు, ఎండి నల్లబడి, అట్లాగే ఉంది. నేను దాన్ని చూశాను. నేను చూడడాన్ని ఆయన చూశారు.

ఇవాళ మారప్పను వదిలేశారు. కేసు నా మీదికి తిరిగింది. నేను జామీను మీద ఇంట్లోనే చేమగ్గం వేసుకున్నాను. షావుకారు కొత్త మేస్త్రీని పెట్టుకున్నాడు. పోలీసులు ఆయన్నీ పిలిపించారంట, దేనికో తెలియదు.

సాయంత్రం మారప్ప వచ్చాడు. కాళ్ళు పట్టుకోబోయాడు. తిట్టాను. కాళ్ళు పట్టుకోవాల్సింది నేను, నిన్ను దాదాపు మూడు నెలలు లోపల ఉంచాను అన్నాను. వాడు, మీ ఇంటి ఫ్యూజు సరిగా లేదన్నా, చూస్తా అని స్టూలు ఎక్కాడు. చీకటి పడేదాకా ఇల్లంతా వైర్లు మార్చాడు. వద్దంటే వినలేదు.

18-3-1962

తిమ్మరాయప్ప వచ్చాడు. ఇంగ వాదిస్తే గెలుస్తాం, పలక లేదు, కుంకుమ మన ఆచారం, షావుకారు లైట్లు పెట్టించడం వల్లే ఇదంతా అని వాదిస్తా అన్నాడు. ఫీజు వద్దన్నాడు. మంచి మాటే. లైట్లు ఆయన పెట్టించాడు, ఆచారం మా తాత ఇచ్చాడు, చెయ్యి మాత్రం నాది. గిల్టీ అని చెబుతాను అన్నాను.

19-3-1962, సోమవారం, కోర్టు వరండా

ఒక సంవత్సరం.

జడ్జిమెంట్ ఇంగ్లీషులో చదివి, తర్వాత నా కోసం కన్నడంలో చెప్పారు. ఆచారాన్ని తప్పు పట్టడం లేదు, కానీ చేయవలసిన వాడు చేయకపోవడం కూడా చేతే అన్నారు. ఒప్పుకున్నందుకు రెండేళ్ళు వేయలేదంట. షావుకారు తల వంచుకుని వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆయన పిడికెడు ఆయన మోసుకుంటున్నాడనుకుంటాను.

పాపక్క వచ్చింది. పనికి పోకుండా వచ్చింది. వరండాలో ఎదురుగా నిలబడింది. క్షమించమని అడగాలని నెలల తరబడి మాటలు కూడబెట్టుకున్నాను. అడగలేదు. అడిగితే ఆమె మీద ఇంకో భారం వేసినట్టు. జరిగింది చెప్పాను, బోర్డు సంగతి, చెయ్యి చాపి వెనక్కి తీసింది, అన్నీ. ఆమె అంతా విన్నది.

ఇప్పుడు తెలిసెప్పా అంది. అంతే. కొంగు బిగించుకుని మెట్లు దిగి పోయింది.

రత్నమ్మ ఏడుస్తోంది. కానిస్టేబుల్ రాసుకోనిచ్చాడు, మంచివాడు. లేవమంటున్నాడు.

30-6-1962, జైలు

జైలరు దయతో నోటుబుక్కు దొరికింది. ఇక్కడ జమఖానాల షెడ్డు ఉంది. దారం చుట్టే మిషన్ ఒకటి కరెంటు మోటారుతో నడుస్తుంది. నేను నేతగాడినని తెలిసి అక్కడ వేశారు. మొదటి రోజే మోటారు దగ్గర ఎర్త్ తీగ చూశాను. ఉంది. అప్పుడే కూర్చున్నాను.

సాయంత్రం మెయిన్ దించే పని నాకివ్వండి అని వార్డరును అడిగాను. అది కూడా ఒక పనేనా అన్నాడు. మూడు నెలలుగా నేనే దించుతున్నాను. ఖైదీలు నాకు మెయిన్ తాత అని పేరు పెట్టారు. యాభై ఏళ్ళకే తాత.

రత్నమ్మ నెలకొకసారి వస్తోంది. చేమగ్గం మీద తనే కూర్చుంటోందంట. పాపక్క కండెలు చుట్టి ఇస్తోందంట. అడగకుండానే వచ్చిందంట. ఎందుకని నేనూ అడగలేదు.

6-10-1962, శనివారం

రేపు ఆయుధపూజ. జైల్లో కూడా చేస్తారు. మెయిన్ ముందే దించేసి పూజ చేసుకుందాం అన్నాను. చూడడానికి జైలరు వస్తారు, బల్బులు వెలుగుతూ ఉండాలి అన్నాడు వార్డరు. పూజ అయ్యాక దించుతానన్నాను. పూజ చేసిన దాన్ని ముడతావా, కళ్ళు పోతాయి, మర్నాటిదాకా సుమ్నె ఉండప్పా అన్నారు తోటివాళ్ళు. వాళ్ళల్లో ఇద్దరు హత్య కేసుల వాళ్ళు.

7-10-1962, ఆదివారం, సాయంత్రం 5

దించాను. అందరూ చూశారు.

చెయ్యంతా కుంకుమ. ఈ పేజీకి కూడా అంటింది.